నార్వే గుర్రం, సోమవారం కొలతలు

మా దర్జీ మీద నాకొక ఫిర్యాదు ఉంది. శంషాబాద్ బస్టాండు వెనక సందులో కుడతాడు. నా నడుముకు టేపు చుట్టి "ముప్ఫై నాలుగు" అని పైకి చదువుతాడు, పుస్తకంలో ముప్ఫై ఆరు రాస్తాడు. అదేమిటని అడిగితే, "ఎట్లయిన పెరుగుతరు గద సార్" అంటాడు. ఆ రెండంగుళాలు నేనింకా సంపాదించుకోలేదు. ప్యాంటు ఎగలాక్కుంటూ తిరుగుతుంటాను. చదివిందొకటి రాసిందొకటి అయితే ఇక టేపు ఎందుకని ఒకసారి గట్టిగా నిలదీద్దామనుకుంటాను. దుకాణం మెట్టు ఎక్కేసరికి ఊరుకుంటాను. కొలతల విషయంలో గానీ చదవడం విషయంలో గానీ ఎవరినైనా నిలదీసే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఒక గుర్రం గురించి చెప్పాలి.

2010 ఎండాకాలంలో నేనొక వెంచర్‌లో పనిచేసేవాణ్ని. విమానాశ్రయం వచ్చి అప్పటికి రెండేళ్లు. శంషాబాద్ దాటి కొత్తూరు వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా జొన్న బదులు తెల్లరంగు రాళ్లు మొలుస్తున్న రోజులు. నేను చదివింది జంతుశాస్త్రం. మూడేళ్లు కప్పల్నీ బొద్దింకల్నీ కోసి పట్టా పుచ్చుకున్నాను. వాటి తరఫున ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు కాబట్టి ప్లాట్ల కరపత్రాలు రాసే పనిలో చేరాను. "విమానాశ్రయానికి పది నిమిషాలు" అన్నది నా వాక్యమే. విమానంలో వెళ్లేవాళ్లకు అది నిజమే.

యజమానిని సార్ అంటే నచ్చేది కాదు. అన్న అనాలి. ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా భుజం మీద చెయ్యేసి అన్నలాగే తీసేసేవాడు. ఆ ఏడాది ఇంటిల్లిపాదినీ తీసుకుని విదేశాలు తిరిగొచ్చాడు. నార్వేలో నీళ్ల ఒడ్డున ఒక గుర్రం పక్కన నిలబడి దిగిన ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"తమ్మి, గిసొంటిది మన వెంచర్ల ఉంటె ఎట్లుంటది?"

"బాగుంటుందన్నా" అన్నాను. మా కరపత్రంలో అప్పటికే ఈతకొలను, క్లబ్బు ఉన్నాయి. కరపత్రంలో తప్ప ఎక్కడా లేవు. గుర్రం కూడా అలాగే వస్తుందనుకున్నాను.

అది నిజంగానే వచ్చింది. పుణె దగ్గర స్వారీ నేర్పే ఒకామె ఈ జాతి గుర్రాలను కొన్నిటిని పెంచిందట. ఆమె ఆరోగ్యం పాడై అన్నీ వదిలించుకుంటుంటే ముంబయి దళారి ఒకడు ఒక ఆడగుర్రాన్ని మా అన్నకు కుదిర్చాడు. ఫ్యోర్డ్ జాతి అంటారు. ఆ పేరు మా ఆఫీసులో ఎవరి నోటా సరిగా పలకలేదు కాబట్టి నార్వే గుర్రం అన్నాం. జంతుశాస్త్రం చదివినవాణ్ని కాబట్టి దాని బాధ్యత నాకు అప్పగించారు. కప్పకీ గుర్రానికీ కాళ్లు నాలుగేసి కదా, తేడా ఏముంది.

గుర్రాన్ని సాకడానికి పక్క ఊరి రైతునొకాయన్ని పెట్టారు. యాభై అయిదేళ్లుంటాయి. అందరూ కాక అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. మేం రాళ్లు పాతిన నేలలో మూడెకరాలు ఒకప్పుడు ఆయనవే. ప్లాట్ల నంబర్లు పడ్డాక ఏ మూడెకరాలో మాకెవరికీ తెలియదు. ఆయనకు తెలుసు. ఎడ్లను అమ్మేశాక చేతులు ఊరికే ఉండలేక వచ్చాడు. గుర్రాన్ని ఆయన పెళ్లి బరాత్‌లలో తప్ప చూసి ఎరగడు. నేను పాఠ్యపుస్తకంలో తప్ప చూసి ఎరగను. ఆ లెక్కన ఇద్దరిలో అనుభవజ్ఞుడు ఆయనే.

లారీలోంచి దిగిన గుర్రం మేం ఊహించినంత ఎత్తుగా లేదు. పొట్టిగా, దిట్టంగా, జొన్నరొట్టె రంగులో ఉంది. తల నుంచి తోక దాకా వీపు మీద పెన్నుతో గీసినట్టు ఒక నల్లగీత. జూలు పక్కకు పడకుండా బ్రష్షులా నిటారుగా నిలబడింది. అటూ ఇటూ తెల్లగా, మధ్యలో నల్లగా.

కాక దాని చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. "గిదేంది సారు, సెలూనాయన సగం రంగేసి చాయ్ తాగనీకి పోయినట్టున్నడు."

గుర్రం మెడ చాచి ఆయన భుజం మీది తువ్వాలు వాసన చూసింది. ఒక కొస నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. కాక తువ్వాలు లాక్కోలేదు. "తిను బిడ్డా, ఉతికిందే" అన్నాడు. వాళ్లిద్దరి మధ్యా ఒప్పందం అక్కడే అయిపోయింది. నా సంతకం ఎవరూ అడగలేదు.

గుర్రంతోపాటు రెండు పేజీల కాగితం వచ్చింది. పుణెలో దాన్ని పెంచినామె ఇంగ్లీషులో టైపు చేసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపింది. మర్నాడు పొద్దున కొట్టంలో గుర్రం పక్కన స్టూలు వేసుకుని దాన్ని కాకకు తెలుగులో చదివి వినిపించాను. కాక గోడకు ఆనుకుని, బడిలో పిల్లాడిలా చేతులు కట్టుకుని విన్నాడు.

చాలా వరకు బాగానే చదివాను. మూడు వారాలకోసారి జూలు కత్తిరించాలి. పక్కల తెల్లజూలును కాస్త కిందికి కత్తిరిస్తే మధ్యలో నల్లజూలు ఎత్తుగా కనబడుతుంది. మెడ వంపు ఎలా ఉందో కత్తెర కూడా అలాగే వంపుగా పోవాలి. గిట్టలు రోజూ ఎత్తి లోపలి మట్టి తీయాలి. ఎత్తు కొలవాలంటే సమమైన గచ్చు మీద నాలుగు కాళ్లూ సరిగా పెట్టించి నిలబెట్టి, మెడ ముగిసి వీపు మొదలయ్యే మూపు దగ్గర కర్ర ఆనించాలి. వారానికోసారి ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టూ టేపు వేసి రాసుకోవాలి.

ఆ తర్వాత పేరా కింద ఆమె పెన్నుతో రెండు గీతలు గీసింది. అందులో ఉన్నది ఇది: "ఈ జాతి గడ్డి కూడా సరిగా దొరకని చలికొండల్లో బతకడానికి పుట్టింది. దీనికి ధాన్యం పెట్టకండి. బెల్లం పెట్టకండి. ఎండుగడ్డి కూడా తూచి వేయండి. లావెక్కితే గిట్టల లోపల వాపు వస్తుంది. అది వస్తే పూర్తిగా నయం కాదు. ఇది అడుక్కుంటుంది. ఇవ్వకండి."

సరిగ్గా అప్పుడే అన్న వచ్చాడు. ఆయన వెనకాల ఇద్దరు కూలీలు ఉలవల బస్తా, శనగల బస్తా, బెల్లం దిమ్మలు దించుతున్నారు.

"ఆపినవేంది? చదువు తమ్మి. ఏం పెట్టాల్నంట?"

నేను కాగితం చూశాను, బస్తాలు చూశాను. ఆయన మొహంలో సంబరం చూశాను.

"దాణా విషయంలో కొంచెం చూసుకుని పెట్టమన్నారన్నా."

"సూస్కొనే పెడ్తం. మన దగ్గరికొచ్చినంక బక్కగుంటె ఇజ్జతేముంటది?"

అబద్ధం చెప్పలేదు నేను. నిజంలో కాసిని నీళ్లు కలిపాను. నాకది అలవాటే. ఇల్లు తగలబడుతున్నా "కొంచెం పొగ వస్తున్నట్టుంది" అనే రకాన్ని. కాలేజీలో దాన్ని హాస్యం అనేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు. ఉద్యోగంలో దాన్ని నేర్పు అన్నారు. కాక మాత్రం దాన్ని అక్షరాలా కాగితంలో ఉన్నమాటగా తీసుకున్నాడు. కొంచెం చూసుకుని పెట్టడం మొదలుపెట్టాడు.

గుర్రం మా వెంచర్‌కు బాగా అచ్చొచ్చింది. ప్లాటు చూడటానికి వచ్చేవాళ్లు ముందు తలెత్తి దిగుతున్న విమానాన్ని చూసేవాళ్లు, తర్వాత తలదించి గుర్రాన్ని చూసేవాళ్లు. ఒక ఆదివారం ఎవరో పెద్దావిడ ప్లాటు మాట ఖాయం చేసుకుని, కొబ్బరికాయ కొట్టి, పళ్లెంలో మిగిలిన బెల్లం ముక్క గుర్రం నోటికి పెట్టింది. గుర్రం కళ్లు మూసుకుని తింది. "మంచి శకునం" అన్నాడు అన్న. మర్నాటి నుంచి అదొక ఆచారం. ప్లాటు ఖాయమైతే గుర్రానికి బెల్లం పెట్టాలి. గుర్రం తింటే నేల కలిసొస్తుంది. తినకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, ఆ అవసరం రాలేదు. వినాయక చవితి నెలలో బాలాపూర్ లడ్డూ వేలం చూసి వచ్చిన ఉత్సాహంలో అన్న బెల్లాన్ని లడ్డూకు మార్చాడు. పెద్ద లడ్డూ, నేతిది.

ఆ పేరా కింద రెండు గీతలు నాకు అప్పుడప్పుడూ గుర్తొచ్చేవి. లడ్డూలో ఉన్నది శనగపిండి, అది ధాన్యం కాదు కదా అని జంతుశాస్త్రం ప్రకారం ఆలోచించేవాణ్ని.

సోమవారం పొద్దున కొలతలు. కాక పగ్గం పట్టుకుని నిలబడేవాడు, నేను టేపు వేసేవాణ్ని. ఎత్తు నూట నలభై ఒకటి సెంటీమీటర్లు. అదీ పొడవూ మారవు. ఛాతీ కొలత మాత్రం మారుతూనే ఉంది. వచ్చినప్పుడు నూట డెబ్బై నాలుగు. దసరాకు నూట ఎనభై ఆరు. ఆ అంకెలు ఆఫీసు గోడ మీద చార్టులో ఎర్రసిరాతో రాసేవాణ్ని. అన్న రాగానే ముందు ఆ చార్టు దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. "ఈ వారం ఎంత?" ఒక సెంటీమీటరు పెరిగితే నా భుజం తట్టేవాడు. పెరగని వారం కాకను పిలిచి, "ఏం కాక, బస్తాలు నువ్వు తింటున్నవా ఏంది?" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. కాక నవ్వేవాడు కాదు.

జూలు పని మాత్రం కాక చేతిలో కళైపోయింది. ఊళ్లో ఎవరి దగ్గరో గొర్రెల బొచ్చు తీసే కత్తెర అడిగి తెచ్చాడు. ముందు తెల్లజూలు ఒక పక్క, తర్వాత రెండో పక్క, చివర నల్లది. ఒక్కో కత్తిరింపుకు రెండడుగులు వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి, నాగలి చాలు చూసినట్టు చూసుకునేవాడు. ఆయన కత్తిరించిన వంపు విమానం కిటికీలోంచి కూడా కనిపించాలన్నంత నిక్కచ్చిగా ఉండేది. గుర్రం ఆ సేపంతా తల ఆయన కడుపుకు ఆనించి నిలబడేది.

ఒక పొద్దున అలా కత్తిరిస్తూ ఆగిపోయాడు. "సారు, జర ఇటు రా. మెడ పట్టుకొని సూడు."

జూలు కింద మెడ కండ చెక్కలా గట్టిపడింది. వేలితో నొక్కితే లోపలికి పోలేదు.

"కొవ్వు" అన్నాను.

"కొవ్వని నాకు తెల్వదా? ఎద్దును పని లేకుంట నిలవెట్టి ఉలవలు మేపితె కాళ్లకు దిగుతది. దీన్ని చేత్తోని ముట్టుకో." ముందుకాలి గిట్ట మీద నా చెయ్యి పెట్టించాడు. "ఉడుకుగున్నది. దినాం పొద్దుగాల ముట్టి సూస్తున్న. నాలుగొద్దుల సంది గిట్లనే."

"ఎండకు కావచ్చు" అన్నాను. కార్తీకమాసం అది.

కాక నా మొహంలోకి చూశాడు. "ఆ కాయితం మల్లొక్కసారి చదువు సారు. మ్యాత సంగతి ఏం రాసిన్రో."

అన్న ఆ రోజు ఊళ్లో లేడు. బస్తాలు మోసేవాళ్లు లేరు. కొట్టంలో నేను, కాక, గుర్రం. చదవడానికి అంతకంటే మంచి సందర్భం ఉండదు. కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. కానీ చదివితే కాక దాణా ఆపేస్తాడు. ఆపితే సోమవారం చార్టులో అంకె తగ్గుతుంది. తగ్గితే అన్న అడుగుతాడు, కాక కాగితం మాట చెబుతాడు. మొదటి రోజే ఎందుకు చదవలేదని భుజం మీద చెయ్యి పడుతుంది. ఇదంతా నా బుర్రలో తిరగడానికి పట్టిన సమయం, గుర్రం ఒకసారి తోక విదిలించడానికి పట్టినంత.

"అదే కాకా, చూసుకుని పెట్టమని" అన్నాను. "నువ్వు కాస్త తగ్గించు, తప్పులేదు."

కాక కాస్త తగ్గించాడు. సందర్శకులు ఆ కాస్తనూ నింపేశారు.

జనవరిలో ఊరవతల ఒక స్వారీ బడివాళ్లు గుర్రాల ప్రదర్శన పెట్టారు. పొట్టిజాతి విదేశీ గుర్రాలకని ఒక విభాగం ఉందని తెలిసి అన్న వెంటనే పేరిచ్చేశాడు. దానికి వారం ముందు గిట్టలు చెక్కించడానికి పాతబస్తీ నుంచి లాడాలు కొట్టే ఆయన మోటార్ సైకిల్ మీద వచ్చాడు. గుర్రం ముందుకాలు ఎత్తనివ్వలేదు. ఎత్తితే బరువంతా రెండో కాలి మీద పడుతుందని అది వణికింది. కాక దాని మెడ పట్టుకుని ఏదో గొణుగుతూ నిలబడితే ఆయన ఎలాగో గిట్ట చెక్కాడు. చెక్కుతూ చెక్కుతూ కత్తి ఆపి నాకు చూపించాడు. గిట్ట అంచులో తెల్లగా ఉండాల్సిన చోట సన్నటి ఎర్రచార.

"సాబ్, దీనికి షుగర్ వచ్చింది. మనుషులకొచ్చినట్టె. దానా బంద్ చెయ్యండి, మెత్తటి ఇసుకల నిలవెట్టండి. నడిపించొద్దు. కుర్చీల కూసోని మిఠాయి తింటె మనకేమైతది, దీనికి గూడ గదే అయింది."

"ప్రదర్శన వారంలో ఉంది" అన్నాను.

"ప్రదర్శన కాళ్లది గాదా సాబ్?" అని తన సామాను సర్దుకున్నాడు.

అన్నకు ఫోన్ చేసి, గిట్టల్లో చిన్న ఇబ్బంది కనిపిస్తోందని చెప్పాను. "షో అయినంక సూద్దాం తమ్మి" అన్నాడు. ఆ మాటే నేను కాకకు చెప్పాను, అంతకంటే కొంచెం మర్యాదగా.

ప్రదర్శన రోజు పొద్దున కాక గుర్రాన్ని గోరువెచ్చటి నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, జూలు మీద చివరి కత్తెర వేశాడు. చూడటానికి అది అన్న ఫోటోలోని గుర్రం కంటే బాగుంది. గుండ్రంగా, నున్నగా మెరుస్తోంది. ఛాతీ కొలత నూట తొంభై ఆరు. మైదానంలోకి దించాక జనం ఫోన్లు తీశారు. అన్న తెల్లచొక్కాలో, మైదానం చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడ్డాడు.

న్యాయనిర్ణేత ఒక ముసలాయన. సైన్యంలో గుర్రాల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. కర్ర ఆనించి ఎత్తు కొలిచాడు. నూట నలభై ఒకటి. నా కొలత సరిపోయినందుకు నాకు కాస్త గర్వం కలిగింది. తర్వాత టేపు పక్కన పెట్టి మెడ మీద చెయ్యి వేశాడు. వంగి గిట్ట ముట్టుకున్నాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

"ఈ గుర్రం చేత ఏం పని చేయిస్తారు?" అని నన్ను అడిగాడు.

"ప్రజాసంబంధాలు సార్" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మంచి మాటే. అలాంటివి నాకు అప్రయత్నంగా వస్తాయి. ఆయన నవ్వలేదు.

"ఒకసారి పరిగెత్తించి చూపండి."

కాక పగ్గం అందుకున్నాడు. గుర్రం ముందుకాళ్లు బాగా ముందుకు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. మంచు మీద జారకుండా నిలబడినవాళ్లలా. కాక ఒకసారి నాలుకతో శబ్దం చేశాడు. అది ఆయన వైపు చూసింది. కాలు తియ్యలేదు. కాక పగ్గం లాగలేదు.

తాడు అవతల నుంచి అన్న గొంతు వచ్చింది. "లాగు కాక! అందరు సూస్తున్నరు!"

"అది రాదు సేట్."

"తమ్మి, నువ్వు పట్టు!"

నేను పట్టాను. కాక చేతిలోంచి పగ్గం తీసుకుని లాగాను. అది నాలుగడుగులు వేసింది. ఒక్కొక్కటీ పెనం మీద కాలు పెట్టినట్టు. నాలుగో అడుగు దగ్గర దాని గొంతులోంచి ఒక చిన్న మూలుగు వచ్చింది. గుర్రాలు నొప్పికి అరవవని నేను ఎక్కడో చదివాను. చాలా మటుకు అది నిజమే.

"చాలు, ఆపండి" అన్నాడు ముసలాయన. నా దగ్గరికి రాలేదు. కాక దగ్గరికి వెళ్లాడు. "దీనికి ఏం పెడుతున్నారు మీరు?"

"ఉలవలు, శనగలు. వచ్చినోళ్లు పెట్టే బెల్లం, లడ్డూ వేరే" అన్నాడు కాక. "కాయితంల రాసినట్టె పెడుతున్న సార్. ఈ సారే చదివి చెప్పిండు."

ముసలాయన ఇప్పుడు నా వైపు తిరిగాడు. "ఆ కాగితం ఉందా?"

"ఆఫీసులో ఉంది సార్." అది నా చొక్కా జేబులో ఉంది. ప్లాస్టిక్ కవరు అంచు ఛాతీకి గుచ్చుకుంటోంది.

"ఈ జాతికి ధాన్యం గింజ కూడా పెట్టకూడదండీ" అని ఆయన కాకతోనే చెప్పాడు, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి. "దీన్ని పెంచినవాళ్లెవరైనా మొట్టమొదట రాసేది ఆ మాటే. ఆ కాగితంలో ఉండకుండా ఉండదు."

కాక వంగి గుర్రం ముందుకాలు ఒకసారి తడిమాడు, అంతే.

ఆ విభాగంలో పోటీకి వచ్చిన గుర్రం మాదొక్కటే. దానికి రెండో స్థానం ఇచ్చారు. మొదటి స్థానం ఎవరికీ ఇవ్వలేదు. అలా ఇవ్వొచ్చని నాకు అప్పుడే తెలిసింది. అన్న మాత్రం ఏమాత్రం నొచ్చుకోలేదు. వారం తిరిగేసరికి గగన్‌పహాడ్ దగ్గర రోడ్డు మీద పెద్ద బోర్డు లేచింది. పైన మా గుర్రం, కింద "బహుమతి గెలుచుకున్న నార్వే అశ్వం మీ కోసం ఎదురుచూస్తోంది." ఆ వాక్యం కూడా నాదే.

అది ఎవరి కోసమూ నిలబడి ఎదురుచూడలేదు. ప్రదర్శన నుంచి వచ్చిన రెండో రోజు పడుకుంది. తిరుగు ప్రయాణంలో కాక లారీలో దాని పక్కనే నిలబడి వచ్చాడు, ముందు సీట్లో చోటున్నా రాలేదు. ఆ తర్వాత నన్ను ఒక్క మాట అడగలేదు. దాణా బస్తాలు తనంత తానే మోసుకెళ్లి ఆఫీసు గుమ్మంలో పడేశాడు. రోడ్ల పని కోసం తెచ్చిన ఇసుక తట్టలతో మోసి కొట్టంలో మోకాలి లోతు పరుపు వేశాడు. ట్యాంకర్ నీళ్లు గోనెసంచుల మీద పోసి గిట్టలకు చుట్టాడు. గడ్డి తూచి, నానబెట్టి, పిండి వేశాడు. ఆ కాగితంలో రాసిన పనులన్నీ కాగితం చదవకుండానే ఆయన చేశాడు. కాగితం జేబులో ఉన్న నేను చూస్తూ నిలబడ్డాను. సోమవారం టేపు పట్టుకుని వెళితే, "ఇంకేం కొలుస్తవు?" అని కొట్టం తలుపు వేసేశాడు.

పశువుల డాక్టరు వచ్చి గిట్టలకు ఎక్స్‌రే తీయించాడు. గిట్ట లోపలి ఎముక పట్టు వదిలి కిందికి తిరిగిపోయింది, అడుగు చీల్చుకుని బయటికి వచ్చేలా ఉంది, ఇక బాధ పెట్టడం తప్ప చేయగలిగింది లేదు అన్నాడు. అన్న నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. తన ఇంటికొచ్చిన ప్రాణి కడుపునిండా తినాలని అనుకున్నాడు, అంతే. వద్దని ఎవరూ ఆయనతో చెప్పలేదు. చివరి సూది వేస్తున్నప్పుడు గుర్రం తల కాక ఒడిలో ఉంది. తువ్వాలు కొస దాని నోట్లో ఉంది.

కొట్టం ముందున్న ఖాళీ జాగా కరపత్రంలో పార్కు కాబట్టి అక్కడ పూడ్చడానికి వీల్లేదన్నారు. వెనక ప్రహరీ వారగా చోటు చూపించారు. గొయ్యి తవ్వడానికి వచ్చిన జేసీబీ అతను, "ఎంత పొడుగు, ఎంత లోతు తియ్యాలె సార్?" అని అడిగాడు. గుర్రం ఎత్తు, పొడవు, చుట్టుకొలత నేను చార్టు చూడకుండా సెంటీమీటర్లతో సహా చెప్పాను. గొయ్యి సరిగ్గా సరిపోయింది. ఎనిమిది నెలల నా కొలతలు ఎవరికైనా పనికొచ్చింది ఆ ఒక్కసారే.

మట్టి కప్పాక కాక పసుపూ కుంకుమా చల్లాడు, ఎడ్లకు చేసినట్టే. జేసీబీ వెళ్లిపోయింది. ఆయన అక్కడే మట్టిగడ్డ మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. పైన ఒక విమానం చక్రాలు దించుకుంటూ పోయింది. చప్పుడు తగ్గేదాకా ఆగి, "కాయితం ఉన్నదా?" అన్నాడు.

జేబులోంచి తీశాను. ఎప్పటి నుంచి జేబులో ఉందని ఆయన అడగలేదు.

"చదువు."

చదివాను. మొదటి నుంచి చివరి దాకా, జూలు దగ్గర మొదలుపెట్టి. రెండు గీతల పేరా దగ్గరికి వచ్చాక కూడా ఆగలేదు. ధాన్యం పెట్టకండి అన్నచోట ధాన్యం పెట్టకండి అనే చదివాను. బెల్లం, గడ్డి, గిట్టలు, నయం కాదు, అడుక్కుంటుంది, ఇవ్వకండి. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట పలచన చేయలేదు. కాక మొదటి రోజు లాగే చేతులు కట్టుకుని విన్నాడు. అయిపోయాక లేచి నిలబడి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"గింత మంచిగ చదవనీకి వస్తది గద నీకు" అన్నాడు. "ఆ దినం ఏం రోగమొచ్చింది?"